వాగు తేటపడింది - వాడ ఏమయింది?

మా జువ్వలదిన్నె ఒడ్డున సుమారు 289 కోట్ల రూపాయలతో చేపల రేవు కట్టారు. 2024 ఆగస్టులో దానికి ప్రారంభోత్సవమూ జరిగింది. ఆ మధ్య ఒక సాయంత్రం వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకడు నన్నడిగాడు: "రేవు పెద్దదయింది, సంతోషమే అయ్యవారూ. రేపు ఊరు కూడా పట్నమయిపోతే మేం యాడుంటామంటారు?"

వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక కొరియా దేశపు సియోల్ నగరంలోని వాగు కథ ఒకటి జ్ఞాపకం వచ్చింది. అది మనకు బొత్తిగా పరాయి కథ కాదు. మూసీనదిని బాగుచేసే ఆలోచనలో 2024 అక్టోబరులో తెలంగాణ మంత్రులు, అధికారులు వెళ్ళి చూసివచ్చింది ఆ వాగునే.

దాని పేరు చంగ్యెచన్. తేటనీటి వాగు అని అర్థం. 1950-53 యుద్ధంలో కొంపా గోడూ పోగొట్టుకున్నవారు ఎందరో వచ్చి దాని గట్టున చెక్కపాకలు వేసుకున్నారు. తేటనీటి వాగు కాస్తా మురికికాలువ అయింది. 1958లో ప్రభుత్వంవారు దానిమీద కాంక్రీటు కప్పడం మొదలుపెట్టారు. తరువాత ఆ కప్పుమీద పెద్ద వంతెనరోడ్డు లేచింది. మురికి కంటికి కనబడకుండా పోయింది, పాకలూ పోయాయి.

మరి పాకలవాళ్ళు? వారిలో చాలామందిని, తక్కిన పేటల పేదలతోపాటు, నగరానికి దూరంగా కొండప్రాంతానికి తరలించారు. స్థలం చూపించారు గాని అక్కడ పనిలేదు, నీటివసతి లేదు. చివరకు 1971 ఆగస్టు 10న వేలాది జనం తిరగబడ్డారు. ఆ చోటే 1973లో సొంగ్‌నామ్ నగరమయింది.

ముప్పయి ఏళ్ళు గడిచాయి. 2003లో ఆ వంతెననే కూలగొట్టి, కప్పు తీసి, 2005 అక్టోబరుకల్లా సుమారు 6 కిలోమీటర్ల పొడవున వాగును మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. హాన్ నదినుంచి నీరు తోడి పారిస్తున్నారు. పిల్లలు కాళ్ళు తడుపుకుంటూ ఆడుకుంటారు. ముచ్చటైన దృశ్యమే! కాని ఆ రోడ్డువార సరుకులమ్ముకునే చిరువ్యాపారులకు దగ్గరలోని పాత క్రీడారంగంలో చోటిచ్చారు. నాలుగైదేళ్ళకే దాన్నీ పడగొట్టారు. 2014లో అక్కడ ఒక మహాభవనం తెరిచారు. వ్యాపారులు మళ్ళీ మూటాముల్లె సర్దుకున్నారు.

1908 సెప్టెంబరు 28న పొంగి వేలమందిని పొట్టనబెట్టుకున్న నది మన మూసీ. నదికి దాని చోటు విడవాలనడంలో తప్పులేదు. 2024లో నదీగర్భంలోని ఇళ్ళకు ఎర్రగుర్తులు పడ్డాయి. కొన్ని కుటుంబాలను రెండు పడకగదుల ఇళ్ళకు తరలించారు. ఇల్లు దొరకడం మంచిదే. అయితే కూలి దొరికే వీధి, పిల్లల బడి, నెలాఖరున అరువిచ్చే కొట్టు - ఇవన్నీ కూడితేనే గదా వాడ!

మర్నాడు ముసలాయన దగ్గరకు వెళ్ళి చెప్పాను: "పెద్దాయనా, నిన్న నువ్వడిగిన మాట ప్లాను గీసేనాడే అడగవలసిన మాట. కట్టిన తరువాత అడిగితే లాభంలేదు."

ఆయన వలమీదనుంచి కన్నెత్తకుండానే నవ్వాడు. "మేమూ అంతే అయ్యవారూ. వలకన్ను ఎంతుండాలో ముందే చూసుకుంటాం. అల్లినాక మార్చలేం గదా!"