క్రూటాన్ అంటే మరేమీ కాదు



ఒకసారి మా వారి ఆఫీసువాళ్ళు కుటుంబాలతో సహా ఒక పెద్ద హోటల్లో భోజనాలు ఏర్పాటు చేశారు. మెనూ కార్డులో మొట్టమొదట ‘టమోటా సూప్ విత్ క్రూటాన్స్’ అని ఉంది. టమోటా తెలుసు, సూపు తెలుసు. ఈ క్రూటాన్ ఏమిటో తెలీదు. ఏ చేపో, మాంసమో అయితే నా గతేమిటని భయం. అడుగుదామంటే పక్కన కూర్చున్న ఆఫీసరుగారి భార్య ఏమనుకుంటారోనని సిగ్గు. “నాకు సూపు పడదండీ” అని అబద్ధం చెప్పి తప్పించుకున్నాను. తీరా చూద్దును గదా, ఆవిడ గిన్నెలో తేలుతున్నవి వెన్నలో వేగిన బ్రెడ్డు ముక్కలు! అంతకంటే విచిత్రం, ఆవిడ మెల్లిగా నా వైపు వంగి, “ఏమండీ, క్రూటాన్లంటే ఇవేనా?” అని నన్నే అడిగారు.

మమ్మల్నిద్దర్నీ అంత భయపెట్టిన ఆ మాట సంగతేమిటో ఈవేళ చెప్పుకుందాం.

క్రూటాన్ ఫ్రెంచి మాట. ఫ్రెంచివాళ్ళు చివరి అక్షరాన్ని ముక్కుతో పలికి ‘క్రుతోఁ’ అంటారు. మనకు ఇంగ్లీషువాళ్ళ ద్వారా వచ్చింది గనక క్రూటాన్ అంటున్నాం. ఫ్రెంచిలో ‘క్రూత్’ అంటే రొట్టె పైన గట్టిగా కాలిన పెచ్చు. క్రుతోఁ అంటే చిన్న పెచ్చు, అంతే. పాత ఫ్రెంచిలో ఈ మాట మధ్య ఒక ‘స’కారం కూడా ఉండేది. అక్కడ జారిపోయిన ఆ ‘స’కారం ఇంగ్లీషు ‘క్రస్ట్’లో మాత్రం నిలిచిపోయింది. రెండింటికీ మూలం ‘క్రుస్తా’ అనే లాటిన్ మాట.

రొట్టెకు చిట్టచివర మిగిలే గట్టి కొసను కూడా ఫ్రెంచివాళ్ళు క్రుతోఁ అనే అంటారు. మనం ‘నాలుగు మెతుకులు సంపాదించుకోవడం’ అన్నట్టే వాళ్ళు ‘క్రూత్ సంపాదించుకోవడం’ అంటారు. కాలంతో పాటు మారని చాదస్తపు ముసలాయన్ని ‘ముసలి క్రుతోఁ’ అని వేళాకోళం చేస్తారు. చూశారా, మనం హోటల్లో జడిసిన మాట వాళ్ళ ఇళ్ళల్లో ఎంత మామూలు మాటో!

ఇంకో తమాషా ఉంది. ‘సూపు’ అన్న మాటకు కూడా పూర్వం అర్థం రసం కాదు, రసంలో నానిన రొట్టె ముక్క. గిన్నెలో ఎండిన రొట్టె వేసి, పైన వేడివేడి రసం పోసుకునేవారు. పోనుపోను రొట్టె పేరు రసానికి వచ్చేసింది. ఫ్రెంచివాళ్ళ ఉల్లిపాయ సూపు మీద నేటికీ కాల్చిన రొట్టె, దానిపైన కరిగిన చీజు ఉంటాయి. నిన్నటి రొట్టె పారేయడానికి చేతులు రాని ఇల్లాళ్ళు ఎక్కడైనా ఒక్కటే కదండీ! మన హైదరాబాదు డబల్ కా మీఠాలో కూడా బ్రెడ్డును నేతిలో వేయించే కదా పాకంలో వేస్తారు.

ఇప్పుడు వాడుక సంగతి. బ్రెడ్డును స్లైసుగా కాలిస్తే టోస్టు. చిన్న ముక్కలుగా కోసి, కరకరలాడేలా కాల్చినా వేయించినా క్రూటాన్. ఇవి సూపులోకీ, పచ్చి కూరల సలాడులోకీ వాడతారు. అదే కార్డులో ‘ఆన్ క్రూట్’ అని కనిపిస్తే మాత్రం వేయించిన బ్రెడ్డు అనుకోకండి. అది పిండి పొరలో చుట్టి బేక్ చేసిన పదార్థం. లోపల మాంసమో, చేపో ఉండవచ్చు. శాకాహారులు తప్పకుండా అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లో చేసుకోవడం చాలా తేలిక. నలుగురికి 3 స్లైసులు చాలు. తాజా బ్రెడ్డు కోస్తే నలిగిపోతుంది. ఒకటి రెండు రోజులు నిలవున్నదైతే తడి తగ్గి, ముక్క చక్కగా తెగుతుంది. అరంగుళం ముక్కలుగా కోసి, పెనం మీద 2 చెంచాల నెయ్యో వెన్నో వేసి, సన్నని సెగన అటూ ఇటూ కదుపుతూ 7, 8 నిమిషాలు వేయించండి. సెగ పెంచారో, పైన మాడి లోపల మెత్తగా ఉండిపోతాయి. కావాలంటే మిరియాల పొడి చల్లండి. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టండి. వేడి మీద మూత పెడితే చెమ్మకు మెత్తబడతాయి. సూపులో ముందే వేయకండి, గిన్నెలు అందించేటప్పుడే వేయండి.

ఒక్క జాగ్రత్త. నిలవ బ్రెడ్డు వేరు, బూజు పట్టిన బ్రెడ్డు వేరు. బూజు పైకి కాస్తే కనిపించినా, దాని పోగులు కంటికి కనపడకుండా లోపలికి పాకి ఉంటాయి. ఆ మేరకు కోసేసి మిగతాది వాడదామనుకోవద్దు, వేయిస్తే పోతుందనీ అనుకోవద్దు. అక్కడ మాత్రం పొదుపు పనికిరాదు.

ఆ రాత్రి నేను పోగొట్టుకున్నది ఒక గిన్నెడు సూపే. కానీ తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, పడదని అబద్ధమాడానే అని చాలారోజులు మనసులో మెదిలింది. అడిగి ఉంటే ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం. అందుకని, ఈసారి మెనూ కార్డులో అర్థం కాని మాట కనిపిస్తే, “ఇదేమిటి బాబూ?” అని నిర్భయంగా అడగండి. మీ పక్కనున్నావిడ కూడా అదే ప్రశ్న గొంతులో పెట్టుకుని కూర్చుని ఉండవచ్చు.