ప్రదర్శన కళాకేంద్రంగా రవీంద్రభారతి: సందర్శకుని దృక్కోణం

ఉపోద్ఘాతం:

హైదరాబాదు చూడవచ్చిన బంధువులకు మన్సూరాబాద్, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల కుటుంబాలు చూపించే స్థలాల వరుస దాదాపు స్థిరపడిపోయింది. చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, బిర్లామందిరం, విజయవాడ దారిలో దగ్గరగా ఉన్న రామోజీ ఫిలింసిటీ అందులో తప్పక ఉంటాయి. బిర్లామందిరానికి వెళ్ళే వాహనాలు చాలావరకు రవీంద్రభారతి పరిసరాల మీదుగానే సాగుతాయి. భవనం పేరు తెలియనివారు అరుదు. అయినా లోపలికి వెళ్ళి చూద్దామనే ఆలోచన సందర్శకులకు కలగడం అంతకన్నా అరుదు. ఒక ప్రదర్శన కళాకేంద్రం సాంస్కృతిక చిహ్నంగా ప్రసిద్ధి పొందికూడా సందర్శనీయ స్థలం ఎందుకు కాలేకపోయిందన్న ప్రశ్నను ఈ వ్యాసంలో పరిశీలించే ప్రయత్నం చేస్తున్నాను.

నిర్మాణ నేపథ్యం:

రవీంద్రభారతిని ఒక్క తెలుగువారి కట్టడంగా చూస్తే దాని చరిత్ర సగమే తెలుస్తుంది. 1961లో విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూరు శతజయంతి సందర్భంగా వివిధ రాష్ట్రాల ముఖ్యనగరాలలో ఆయన పేరిట రంగశాలలు నిర్మించే పని దేశవ్యాప్తంగా సాగింది. ఢిల్లీలో మూడు జాతీయ అకాడమీలకు నెలవైన రవీంద్రభవన్, చండీగఢ్‌లో ఠాగూర్ థియేటర్, బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్ర, కలకత్తాలో రవీంద్ర సదన్ ఆ సంకల్పం నుంచి పుట్టినవే. స్వాతంత్ర్యం వచ్చి పద్నాలుగేళ్ళయిన దేశం తన కళలకు ఆధునికమైన ఇల్లు కట్టుకోదలచిన సందర్భమది. మహమ్మద్ ఫయాజుద్దీన్ రూపకల్పనలో సైఫాబాదులో లేచిన రవీంద్రభారతిని 1961 మే నెలలో నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఠాగూరు సొంత నగరంలోని రవీంద్ర సదన్ పూర్తికావడానికి 1967 వరకు పట్టిందని గుర్తుచేసుకుంటే హైదరాబాదు చూపిన త్వర అర్థమవుతుంది.

ఈ పేరు తెలుగునేలకు పరాయిది కాదు. 1919లో మదనపల్లెలో బస చేసినప్పుడే ఠాగూరు 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించారు. 1933లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉపన్యాసాలిచ్చారు. అప్పుడు అక్కడి ఉపాధ్యక్షులు రాధాకృష్ణనే. ఠాగూరు తత్త్వంపై 1918లోనే గ్రంథం రాసినవారు, తమ విశ్వవిద్యాలయంలో ఆయన ప్రసంగాలకు వేదిక కల్పించినవారు, మూడు దశాబ్దాల తరువాత ఆయన పేరిట కట్టిన రంగశాలను ప్రారంభించడం లాంఛనప్రాయమైన ఘటనగా తోచదు. శాంతినికేతనంలో చదివి ఠాగూరు రచనలను తెలుగు చేసిన బెజవాడ గోపాలరెడ్డి వంటివారు ఆనాటి ప్రజాజీవితంలో ఉండడం కూడా గమనించదగిన విషయం. ఇంత కథ ఉన్న ప్రాంగణానికి వచ్చిన కొత్తవారికి ఈ కథ చెప్పే ఏర్పాటు అక్కడ ప్రముఖంగా కనిపించదు.

వేదిక - ప్రదర్శన:

కోటకు గానీ మ్యూజియానికి గానీ వెళ్ళిన సందర్శకుడు చూడవలసినది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. రంగశాల స్వభావం వేరు. తెర లేచినప్పుడే అది ఉంటుంది, తెరపడ్డాక మిగిలేవి కుర్చీలు, గోడలు. కనుక రంగశాలను చూడడమంటే ప్రదర్శనను చూడడమే. సుమారు వెయ్యిమంది కూర్చోగల రవీంద్రభారతి ప్రధాన వేదికపై కూచిపూడి నృత్యరూపకాలు, పద్యనాటకాలు, సంగీత కచేరీలు, జానపద కళారూపాలు ఆరు దశాబ్దాలుగా జరుగుతున్నాయి.

ఇక్కడ వేదిక ఆకృతిని గురించి కొంత చెప్పాలి. ఒకవైపు తెరచి మూడువైపుల మూసిన చట్రపు వేదిక మనకు పాశ్చాత్య, పార్సీ నాటక సంప్రదాయాల ద్వారా వచ్చింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ప్రారంభించిన సురభి నాటకసమాజానికి అది సహజమైన ఇల్లు. చిత్రించిన తెరలు, పక్కతెరలు, ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యే దేవతలు, ఈ మాయ అంతా ప్రేక్షకుడు ఎదురుగా కూర్చున్నప్పుడే పండుతుంది. అదే వేదిక ఒగ్గుకథకు ఇరుకు. బీరప్ప కథ చెప్పే ఒగ్గు కళాకారుడు చుట్టూ మూగిన జనం మధ్య తిరుగుతూ, వారిలో ఒకరిని పలకరిస్తూ కథ నడుపుతాడు. ఎత్తయిన వేదికపై దీపాల వెలుగులో నిలబడితే ఎదుటి చీకటిలో ఎవరున్నారో ఆయనకు కనిపించదు. కూచిపూడి భాగవతులు ఊళ్ళలో తెల్లవార్లూ ఆడిన భామాకలాపం రంగశాలకు వచ్చేసరికి రెండు గంటలకు, సభ నడుమ అయితే ఇరవై నిమిషాలకు కుదించుకుపోయింది. దీనిని నష్టమని మాత్రమే అనలేం. మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన వెంపటి చినసత్యం ఆ చట్రపు వేదికనే దృష్టిలో పెట్టుకుని నృత్యరూపకాలను కూర్చి, కూచిపూడికి కొత్త ప్రేక్షకులను తెచ్చారు. అయితే రవీంద్రభారతిలో ఒగ్గుకథను తొలిసారి చూసిన నగరవాసి తాను చూసినది ఆ కళలో ఒక భాగమేనని తెలుసుకోవాలి. ఆ మాట అతనికి చెప్పవలసింది వేదిక నిర్వాహకులే.

సభల రద్దీ:

దినపత్రికలలో 'నగరంలో నేడు' శీర్షికను కొన్నాళ్ళు గమనించినవారికి రవీంద్రభారతి పేరు ఎక్కువగా సన్మానాలు, జయంతులు, పురస్కారాలు, పుస్తకావిష్కరణల పక్కన కనిపిస్తుంది. నృత్యప్రదర్శన ఉన్నరోజున కూడా దానికి ముందు అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు తప్పవు. ఆరు గంటలకని ప్రకటించిన కార్యక్రమంలో గజ్జె ఎప్పుడు మోగుతుందో నిర్వాహకులే చెప్పలేని సందర్భాలుంటాయి. సాహిత్యసభను నేను తక్కువచేయడం లేదు. తెలుగువారి సభాసంస్కృతి తనంతట తానే చూడదగిన ప్రదర్శన, వందన సమర్పణతో సహా. కాని కూచిపూడి చూడాలని వచ్చిన పరరాష్ట్ర సందర్శకుడికి గంటన్నర ఉపన్యాసాలు అవరోధమే.

మరొక చిక్కు ప్రవేశానిది. ఇక్కడి కార్యక్రమాలలో అధికభాగం ఉచితం. నిర్వాహక సంస్థ ఆహ్వానపత్రికలు పంచుతుంది, తెలిసినవారు వస్తారు. ఉచితం కావడం గొప్ప సౌకర్యమే అయినా దానివల్ల ఒక పరిణామం కలిగింది. టికెట్టు అమ్మవలసిన అవసరం లేనిచోట నెలముందు కార్యక్రమాల పట్టిక ప్రకటించవలసిన అవసరమూ నిర్వాహకులకు కలగదు. ఊరికి మూడురోజులకోసం వచ్చిన మనిషికి ఆ పట్టికే దారి చూపాలి.

ఇతర కళాకేంద్రాల అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. 1973లో ప్రారంభమైన సిడ్నీ ఒపేరా హౌస్‌లో పగటిపూట మార్గదర్శకులు రంగశాలలను తిప్పి చూపుతారు, ప్రదర్శన చూడనివారు కూడా భవన కథ విని వెళతారు. టోక్యోలోని కబుకీ రంగశాలలో మొత్తం ప్రదర్శనకు కూర్చోలేనివారికి ఒక్క అంకానికే టికెట్టు ఇస్తారు. మనకు మరింత దగ్గరి ఉదాహరణ కేరళ కళామండలం. వళ్ళత్తోళ్ 1930లో స్థాపించిన ఆ సంస్థలో సందర్శకులు ఉదయం వేళ కథకళి, మద్దళం సాధన జరిగే తరగతులనే చూడవచ్చు. నా దృష్టిలో కళామండలం పద్ధతి మనకు అన్నిటికన్నా అనువైనది. సాధనకు దీపాలు, ఉడుపులు, ముఖ్య అతిథులు అక్కరలేదు.

తూర్పు శివార్ల నుంచి:

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ప్రారంభం కావడంతో ఈ ప్రాంతపు ప్రేక్షకుల స్థితి మారింది. అంతకుముందు సాయంత్రం వేళ దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ రద్దీని దాటి సైఫాబాదు చేరడమే ఒక పని. ఇప్పుడు మన్సూరాబాద్ నుంచి ఆటోలో ఎల్.బి.నగర్ చేరితే అసెంబ్లీ స్టేషనుకు దాదాపు అరగంట ప్రయాణం. అక్కడినుంచి రవీంద్రభారతికి నడిచి వెళ్ళవచ్చు.

ఒక మధ్యాహ్నం చేతిలో ఉన్నవారు ఆ పరిసరాలన్నిటినీ కలిపి చూడగలరు. 1913లో పూర్తయిన పాత టౌన్‌హాలు భవనం ఇప్పటి శాసనసభ ఆవరణలోనిది, బయటినుంచి చూడవచ్చు. పక్కనే పబ్లిక్ గార్డెన్స్, అందులో రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల, జూబిలీహాలు, సురభివారు ఎన్నో ప్రదర్శనలిచ్చిన ఆరుబయటి రంగస్థలం లలితకళాతోరణం ఉన్నాయి. రవీంద్రభారతి ప్రాంగణంలోని ఆర్ట్ గ్యాలరీలో చిత్రప్రదర్శనలు జరుగుతుంటాయి. కరీంనగర్‌లో పుట్టి హిందీ చలనచిత్రాలలో వెలిగి, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన పైడి జయరాజ్ పేరిట ఒక చిన్న ప్రివ్యూ థియేటరు కూడా అక్కడే ఉంది. యువ దర్శకుల లఘుచిత్రాలకోసం 2016లో మొదలైన 'సినివారం' శనివారాల్లో జరిగింది అక్కడే.

తిరుగు ప్రయాణం సంగతి వేరు. చివరి మెట్రో రాత్రి పదకొండు ప్రాంతంలో బయలుదేరుతుంది. ఉపన్యాసాలు ముగిసి ఎనిమిదిన్నరకు మొదలైన పద్యనాటకంలో రాయబార ఘట్టం వచ్చేసరికి వెనుక వరుసలలో గడియారాలు చూసుకోవడం మొదలవుతుంది. ఎల్.బి.నగర్‌లో దిగాక మన్సూరాబాద్ లోపలి కాలనీలకు ఆటో దొరకాలి కనుక పిల్లలతో వచ్చినవారు ముందే లేస్తారు. ఆరు గంటలకే తెర లేపే పక్షంలో వారు కూడా చివరి పద్యం విని వెళ్ళగలరు.