రెట్టింపు ముప్పు అంటే ఎంత?
కీళ్లవాతం, స్టెరాయిడ్ బిళ్లలు, విరిగే ఎముకల లెక్కలు

కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉన్నవాళ్లకు తుంటి ఎముక విరిగే ముప్పు మిగతావాళ్ల కంటే రెండు రెట్లు. వెన్నుపూస విరిగే ముప్పు 2.4 రెట్లు. బ్రిటన్‌లో కుటుంబ వైద్యుల దగ్గరున్న రికార్డుల్లోంచి 30,262 మంది రోగుల వివరాలు తీశారు. ఒక్కొక్కరి పక్కన అదే వయసున్న, ఈ జబ్బు లేని ముగ్గురిని పెట్టి లెక్క కట్టారు. 2006లో వచ్చిన ఆ అధ్యయనం అంకెలే ఇవి. ఈ జబ్బు సంగతి ఎక్కడ వచ్చినా ఈ ‘రెట్టింపు’ మాట దొర్లుతుంది. విన్నవాళ్లలో కొందరు బెంబేలెత్తిపోతారు. కొందరు ‘వయసొచ్చాక ఎవరికైనా విరుగుతాయిలే’ అని వదిలేస్తారు. అసలు ఎంతకు రెట్టింపు అని అడిగేవాళ్లు తక్కువ.

దానికీ అదే అధ్యయనంలో జవాబుంది. 65 ఏళ్ల ఆవిడ ఉందనుకుందాం. ఏళ్ల తరబడి కీళ్లవాతం, బక్కపలచని మనిషి, ఇదివరకే ఒకసారి ఎముక విరిగింది, స్టెరాయిడ్ బిళ్లలు తరచూ వాడుతుంది. కష్టాలన్నీ ఒకేచోట పోగుపడిన మనిషన్నమాట. ఆమెకు వచ్చే అయిదేళ్లలో తుంటి విరిగే అవకాశం 5.7 శాతం. అలాంటివాళ్లు వెయ్యి మంది ఉంటే అయిదేళ్లలో 57 మందికి విరుగుతుంది, 943 మందికి విరగదు. నన్నడిగితే ఇది గుండెలు బాదుకోవాల్సిన అంకె కాదు, కొట్టిపారేయాల్సిందీ కాదు. అయితే ఇది ఒక్క తుంటి లెక్కే. వెన్నుపూస, మణికట్టు, భుజం దగ్గరి ఎముక ఇందులో లేవు. వెన్నుపూసల సంగతి మరీ తికమక. నలిగిన వెన్నుపూసల్లో డాక్టరు దృష్టికి వచ్చేవి మూడో వంతే. మిగతావి ‘నడుం నొప్పి’ పేరుతోనో, ‘వయసుకు వంగిపోయింది’ అన్న మాటతోనో గడిచిపోతాయి.

మన దేశంలో ఈ జబ్బు ఎంతమందికి ఉంది? ఢిల్లీ దగ్గర బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి 44 వేల పైచిలుకు పెద్దవాళ్లను వాకబు చేసి 1993లో వెల్లడించిన అంకె 0.75 శాతం. ప్రతి 400 మందిలో ముగ్గురు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. నెలసరి ఆగాక వాళ్ల ఎముకలు ఎలాగూ పలచబడతాయి. దాని మీద ఈ జబ్బు, జబ్బు మీద మందు.

కీళ్ల జబ్బుకూ, కీలుకు దూరంగా ఉన్న ఎముక విరగడానికీ సంబంధమేమిటన్నది సబబైన ప్రశ్నే. ఎముక రాయిలా స్థిరంగా ఉండేది కాదు. పాత మిద్దెకు మరమ్మతు చేసినట్టు ఒక ముఠా పాతదాన్ని తవ్విపోస్తూ ఉంటే, వెనకే ఇంకో ముఠా కొత్తది కడుతూ వస్తుంది. కీళ్లవాతంలో టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు రక్తంలో పెరుగుతాయి. అవి తవ్వే ముఠాను ఎగదోస్తాయి. కీలు వాపు కంటికి కనిపిస్తుంది, ఎముకలో జరుగుతున్న తవ్వకం కనిపించదు. తవ్వకం ముందు దెబ్బతీసేది లోపల తేనెపట్టులా ఉండే మెత్తటి ఎముకనే. వెన్నుపూస నిండా ఉండేది అదే కాబట్టి మొదటి దెబ్బ దానికి తగులుతుంది.

ఇక స్టెరాయిడ్లు. అవి కట్టే కణాలను చంపేస్తాయి, పేగుల్లో కాల్షియం ఒంటపట్టకుండా చేస్తాయి, ఉన్న కాల్షియాన్ని మూత్రంలో పోనిస్తాయి. తొడ కండరాలను నీరసపరిచి మనిషిని పడేట్టు కూడా చేస్తాయి. బిళ్లలు మొదలుపెట్టిన మొదటి ఏడాదిలోనే ఎముక సాంద్రత 6 నుంచి 12 శాతం దాకా తగ్గవచ్చనీ, తర్వాత ఏటా 3 శాతం చొప్పున జారుతుందనీ వైద్యులు చెప్పే లెక్క. అంటే పెద్ద నష్టం మొదటి నెలల్లోనే. ‘కొన్నాళ్లు వాడి చూద్దాం, తర్వాత ఎముకల సంగతి ఆలోచిద్దాం’ అనుకునే వరస ఇక్కడ తలకిందులు.

మోతాదు సంగతి చూద్దాం. ఈ కథనంలో గుర్తుంచుకోవాల్సిన అంకెలు ఏవైనా ఉంటే అవి ఇవే. బ్రిటన్‌లోనే స్టెరాయిడ్ బిళ్లలు వాడిన 2,44,235 మందినీ, వాడని అంతేమందినీ పోల్చి 2000లో ఒక అధ్యయనం వచ్చింది. రోజుకు ప్రెడ్నిసలోన్ 2.5 మిల్లీగ్రాముల లోపు వాడినవాళ్లకు తుంటి ముప్పు పెరగలేదు, వెన్నుపూస ముప్పు 1.55 రెట్లు అయింది. 2.5 నుంచి 7.5 మిల్లీగ్రాముల మధ్య వాడితే తుంటి 1.77 రెట్లు, వెన్నుపూస 2.59 రెట్లు. 7.5 దాటితే తుంటి 2.27, వెన్నుపూస 5.18 రెట్లు. బిళ్లలు ఆపేశాక ముప్పు మామూలు స్థాయి వైపు త్వరగానే దిగివచ్చింది. వయసును వెనక్కి తిప్పలేం, అమ్మానాన్నల నుంచి వచ్చిన ఎముకను మార్చుకోలేం. ఈ మోతాదు మాత్రం మార్చగలిగిన అంకె.

అందుకే చేతిలో ఉన్న స్ట్రిప్ మీద ఏ పేరుందో చదవడం అవసరం. ప్రెడ్నిసలోన్ 5 మిల్లీగ్రాములూ, మిథైల్ ప్రెడ్నిసలోన్ 4 మిల్లీగ్రాములూ, డెఫ్లాజకార్ట్ 6 మిల్లీగ్రాములూ దాదాపు ఒకే బలం. డెక్సామెథసోన్ అయితే 0.75 మిల్లీగ్రాములే అంత పని చేస్తుంది. ‘అర మిల్లీగ్రాము బిళ్లే కదా’ అని రోజూ డెక్సామెథసోన్ వేసుకుంటున్న మనిషి నిజానికి 3 మిల్లీగ్రాములకు పైగా ప్రెడ్నిసలోన్ వేసుకుంటున్నట్టు. పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చిన నొప్పుల బిళ్లలు వేసుకున్న పూటే వాపు దిగిపోతుంటే, అందులో ఏముందో తేల్చుకునే దాకా రెండో పొట్లం తెచ్చుకోవద్దు. అలాగని నెలల తరబడి వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కరోజులో మానేయకూడదు. శరీరం సొంతంగా ఆ హార్మోన్ చేసుకోవడం మరిచిపోయి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. తగ్గించడం మెట్టుమెట్టుగా, డాక్టరు చెప్పినట్టే జరగాలి.

ఇంత చెడ్డదైతే అసలెందుకు వాడటం అంటే, దీని చరిత్ర చూడాలి. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం మంచం పట్టిన ఒక కీళ్లవాతం రోగికి తొలిసారి కార్టిసోన్ ఇచ్చింది. రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. దుష్ఫలితాలు బయటపడటానికీ ఎన్నో ఏళ్లు పట్టలేదు. సరిగ్గా ఆ సెప్టెంబరుకు ముందు నెలలోనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపించిన పరిశోధన నుంచి వచ్చినదే మెథోట్రెక్సేట్. మొదట క్యాన్సర్ మందు. వారానికి ఒకసారి తక్కువ మోతాదులో కీళ్లవాతానికి వాడవచ్చని 1988లో అమెరికాలో అనుమతి దొరికింది. ఇవాళ్టికీ చికిత్స మొదలయ్యేది చాలావరకు దీనితోనే. ఇలాంటి మందులు జబ్బును మూలంలోనే అణిచిపెడితే స్టెరాయిడ్ అవసరం తగ్గుతుంది. 2021లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఇచ్చిన మార్గదర్శకాలు చికిత్స ఆరంభంలో కొద్దికాలపు స్టెరాయిడ్‌ను కూడా వీలైనంతవరకు వద్దనే అన్నాయి. అయితే స్టెరాయిడ్‌కు భయపడి జబ్బును గాలికొదిలేస్తే ఎముక బాగుపడదు, అదుపు తప్పిన మంట కూడా ఎముకనే తింటుంది. మరో హెచ్చరిక: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రమాదం.

మిగతా వాత జబ్బుల లెక్కలు వేరు. లూపస్ ఉన్న 702 మంది అమెరికన్ మహిళల్లో ఎముకలు విరగడం సాధారణ మహిళల కంటే 4.7 రెట్లు ఎక్కువని 1999లో తేలింది. చిన్న వయసులోనే వచ్చే జబ్బు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు, పైగా చర్మం కందిపోతుందని ఎండకు దూరం. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో ఇంకో వింత ఉంది. వెన్నుపూసల చుట్టూ కొత్త ఎముక పెరిగి వెన్నంతా ఒకే కర్రలా బిగుసుకుంటుంది, లోపల మాత్రం గుల్లవుతుంది. అమెరికాలోని రాచెస్టర్ పట్టణంలో 158 మంది రోగులను గమనిస్తే వెన్నుపూస నలగడం 7.6 రెట్లు ఎక్కువ కనిపించింది. ఇలాంటి వెన్ను చిన్న పాటుకే, ముఖ్యంగా మెడ దిగువన, విరగవచ్చు. అది మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. పడ్డాక కొత్త నొప్పి వస్తే సీటీ స్కాన్ దాకా వెళ్లాల్సిందే.

ఎక్కువమంది పొరబడేది మోకాళ్ల అరుగుదల దగ్గర. ‘గుజ్జు అరిగిపోయింది’ అంటూ మనం చెప్పుకునే ఆస్టియో ఆర్థరైటిస్‌లో ఎముక సాంద్రత తరచూ మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. అలాంటప్పుడు తక్కువ విరగాలి కదా? పది దేశాల్లో 55 ఏళ్లు దాటిన 50 వేల మందికి పైగా మహిళలను గమనించిన అధ్యయనంలో, అరుగుదల ఉన్నవాళ్లకు ఎముక విరిగే ముప్పు 20 శాతం దాకా ఎక్కువని తేలింది. వాళ్లు పడిపోవడం కూడా దాదాపు అంతే ఎక్కువ. పడిపోవడాన్ని లెక్కలోంచి తీసేస్తే ముప్పులో తేడా దాదాపు మాయమైంది. అంటే ఇక్కడ గట్టి ఎముకే విరుగుతోంది, మనిషి పడటం వల్ల. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లోనూ పడటం తక్కువేం కాదు. ఇంగ్లండ్‌లో 500 మందికి పైగా రోగులను ఏడాది పాటు గమనిస్తే 36 శాతం మంది కనీసం ఒకసారి పడ్డారు. తడి బాత్రూం, ఎత్తు గడప, రెయిలింగ్ లేని మేడమెట్లు ఏ స్కాన్‌లోనూ కనిపించవు.

స్కాన్ అంటే ఎముక సాంద్రతను కొలిచే డెక్సా. దానిచ్చే టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన గీత అది. కానీ స్టెరాయిడ్ వాడుతున్న మనిషికి ఆ గీత సరిపోదు. అదే స్కోరున్న మామూలు మనిషి కంటే వీళ్ల ఎముక ముందే విరుగుతుంది. బిగుసుకున్న వెన్నులోనైతే బయట పెరిగిన ఎముకను కూడా కలుపుకుని స్కాన్ మంచి మార్కులు వేసేస్తుంది. ఆ లోటు తీర్చడానికి షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో ఫ్రాక్స్ అనే లెక్కను తెచ్చింది. 40 నుంచి 90 ఏళ్ల వాళ్లకు వచ్చే పదేళ్లలో ఎముక విరిగే శాతం ఎంతో అది చెబుతుంది, మన దేశానికి వేరే నమూనా కూడా ఉంది. అందులో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు ఆ గడిలో టిక్కు పెడితే లెక్క తప్పుతుంది. స్టెరాయిడ్ వాడారా లేదా అనే అడుగుతుంది తప్ప ఎంత అని అడగదు. రోజుకు 7.5 మిల్లీగ్రాములు దాటితే వచ్చిన అంకెకు మొత్తంగా 15 శాతం, తుంటికి 20 శాతం కలుపుకోవాలని దాన్ని తయారుచేసినవాళ్లే తర్వాత చెప్పారు.

వీటన్నిటికంటే చవకైన పరీక్ష గోడకు ఆనుకుని ఎత్తు కొలుచుకోవడం. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు తగ్గితే వెన్నుకు ఎక్స్‌రే తీయించుకోవాలి.

మన ఎండ మనల్ని కాపాడుతుందన్న ధీమా కూడా నిలవదు. తిరుపతి స్విమ్స్ వైద్యులు ఆరోగ్యంగా ఉన్న వెయ్యి మందికి పైగా జనాన్ని పరీక్షించి 2007లో వెల్లడించిన దాని ప్రకారం, విటమిన్ డి మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉన్నవాళ్లు పట్నం ఆడవాళ్లలో 75 శాతం, పల్లె ఆడవాళ్లలో 70 శాతం. పొలం పనులు చేసే పల్లె మగవాళ్లలోనూ 44 శాతం. తినే కాల్షియం కూడా తక్కువే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 600 మిల్లీగ్రాముల కాల్షియం చాలని 2010లో చెప్పి, 2020లో దాన్ని 1,000కి పెంచింది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు, గ్లాసు పాలలో 240 దాకా ఉంటుంది. సంగటి, పెరుగు కలిస్తే లెక్క దగ్గర పడుతుంది. వారానికోసారి వేసుకునే 60 వేల యూనిట్ల విటమిన్ డి సాచెట్ అంటే రోజుకు 8,500 యూనిట్ల పైన. మామూలుగా రోజుకు కావాల్సింది 600 నుంచి 800. అది లోటు పూడ్చడానికి కొన్ని వారాల మందు. ఏళ్లకేళ్లు వేసుకునేది కాదు.

కాల్షియం, విటమిన్ డి పునాది మాత్రమే. ముప్పు ఎక్కువున్నవాళ్లకు అసలు మందు వేరే కావాలి. రోజుకు 2.5 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ స్టెరాయిడ్ మూడు నెలలు దాటి వాడబోయే ఎవరికైనా ముందే ముప్పు అంచనా వేయాలన్నది 2022 అమెరికన్ మార్గదర్శకం. వారానికోసారి పరగడుపున నీళ్లతో మింగి అరగంట పడుకోకుండా ఉండాల్సిన 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్, ఏడాదికోసారి నరానికి ఎక్కించే జొలెడ్రోనిక్ యాసిడ్ తవ్వే ముఠాను ఆపుతాయి. రోజూ ఇంజెక్షన్‌గా తీసుకునే టెరిపారటైడ్ కట్టే ముఠాను లేపుతుంది. స్టెరాయిడ్ వల్ల ఎముకలు గుల్లబారిన 428 మందిపై 2007లో వచ్చిన పరీక్షలో 18 నెలల్లో కొత్తగా వెన్నుపూస నలిగినవాళ్లు అలెండ్రోనేట్ జట్టులో 6.1 శాతం, టెరిపారటైడ్ జట్టులో 0.6 శాతం. ఖర్చులోనూ తేడా అలాగే ఉంటుంది కాబట్టి దాన్ని అందరికీ రాయరు.

ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ కూడా బాగా పనిచేస్తుంది, దానికో మెలిక ఉంది. ఆపిన వెంటనే అణిగి ఉన్న తవ్వకం ఒక్కసారిగా ఊపందుకుని, ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు నలిగినవాళ్లున్నారు. ఇంజెక్షన్‌ను 16 వారాలకు మించి ఆలస్యం చేసిన వారిలో వెన్నుపూస ముప్పు సమయానికి తీసుకున్నవాళ్ల కంటే దాదాపు 4 రెట్లని 2020లో ఒక బ్రిటన్ అధ్యయనం చెప్పింది. ఈ మందు మొదలుపెట్టే రోజునే తర్వాతి తేదీ క్యాలెండర్‌లో రాసుకోవాలి. మానేయాల్సి వస్తే, దాని స్థానంలో జొలెడ్రోనిక్ యాసిడ్ లాంటిది ఎప్పుడు మొదలుపెట్టాలో ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.