సూరత్‌లోని కతర్‌గామ్ ఇంటికి వేడి ఎటునుంచి వస్తుంది?

రాత్రి పదింటికి కూడా పై అంతస్తు సెగలు కక్కుతుంది, ఎందుకు?

సూరత్ కర్కాటక రేఖకు కాస్త దిగువన ఉంది. మే నెలాఖరు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు గోడల మీద పడే ఎండ తక్కువ, భారమంతా డాబాదే. స్లాబ్ పగలంతా పీల్చుకున్న వేడిని చీకటి పడ్డాక కూడా గదిలోకి వదులుతూనే ఉంటుంది. కతర్‌గామ్‌లాంటి ఇరుకు పేటల్లో పై అంతస్తువారికి నిద్ర కరవయ్యేది ఇందుకే.

స్లాబ్ మందం పెంచితే?

పెద్దగా లాభం లేదు. ఆరంగుళాల కాంక్రీటు ఆపే వేడిని ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్) నురగ పలక దాదాపు 3 మిల్లీమీటర్ల మందంతోనే ఆపుతుంది. నురగలో కదలకుండా చిక్కుకున్న గాలే దాని బలం.

ఎలా వేయాలి?

స్లాబ్ మీద ముందు వాటర్‌ప్రూఫింగ్. దానిపై 40–50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ పలకలు, మధ్యలో సందు లేకుండా. ఆపైన నీరు పోయేలా వాలు చూసి కాంక్రీటు పొర, చివర తెల్ల పెంకు ముక్కలతో చైనా మొజాయిక్. తెలుపు చాలా ఎండను తిప్పికొడుతుంది, మిగిలిన వేడికి నురగ అడ్డుపడుతుంది. పలకలు లోపలివైపు అతికిస్తే స్లాబ్ ఎండకు సాగి, రాత్రికి కుంచించుకుని పగుళ్లిస్తుంది.

గోడల్లో ఏది ముందు?

పడమటి గోడ. సాయంత్రపు ఏటవాలు ఎండను సజ్జా ఆపలేదు. అక్కడ ఏఏసీ (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు) దిమ్మెలు వాడండి. ఎర్ర ఇటుకతో పోలిస్తే వాటిగుండా వేడి చాలా తక్కువగా వస్తుంది. కిటికీకి బయటివైపు తడక కట్టండి.

పునాదికీ నురగ కావాలా?

చలిదేశాల్లో ఇంటి వేడి నేల పాలు కాకుండా పునాదికి నురగ తొడుగుతారు. ఇక్కడ వేసవిలో నేలే చల్లన, ఆ చలువను దూరం చేసుకోకూడదు. మన శత్రువు చెమ్మ. గోడ రంధ్రాల్లో గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే వేడి సులువుగా దాటుతుంది. కాబట్టి ప్లింత్ దగ్గర డీపీసీ (చెమ్మను ఆపే పొర), గచ్చు కింద పాలిథిన్ షీటు తప్పనిసరి. 2006 ఆగస్టులో తాపీ వరద నగరంలో చాలా భాగాన్ని ముంచింది. అందుకే ప్లింత్ ఎత్తు విషయంలో పిసినారితనం వద్దు.

చేతిలో డబ్బు తక్కువైతే?

డాబాకు తెల్లరంగుతో మొదలుపెట్టండి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ సూత్రం మీదే. అయితే వంటింటి వేడి, యంత్రాల వేడి పుట్టేది లోపలే, దాన్ని ఏ పలకా తీసెయ్యలేదు. పగలు కిటికీలు మూసి, ఆ వేడి బయటికి పోయేలా చల్లబడ్డాక ఎదురెదురుగా తెరవాలి. డాబా, పడమటి గోడ, చెమ్మ: ఈ వరుసలో ఖర్చు పెడితే ఏసీ లేని ఇంట్లోనూ పిల్లలు హాయిగా నిద్రపోతారు.