చూరు క్రింది పొరుగువారు

గండిపేట చెరువునకు చేరువనున్న మన జన్వాడ ప్రాంతమునకు హైదరాబాదు నగరము సమీపించుచున్నది. పాత పెంకుటిండ్లు కూలి సిమెంటు మిద్దెలు లేచుచున్నవి. దూలములతోపాటు, చూరును నమ్ముకొన్న పిచ్చుకయు నిలువనీడ కోల్పోవుచున్నది.

పిచ్చుక గింజలు తినుననుట నిజమే. కాని తన పిల్లలకు ముఖ్యముగా పెట్టునది పురుగులను. కావున దాని గూడు మన పెరటికి కావలి.

నేను మనవి చేయునదేమన, పాత కలపను పొయ్యిలో వేయకుడు. ఎండిన కలప తూకములో ఇంచుమించు సగము కర్బనము. దూలముగా నున్నంతకాలము అది యింటనే నిలుచును. కాల్చినచో గాలిలో కలియును. చెదలు పట్టని దూలములను క్రొత్త యింటికి వాడుడు. చెట్టు కొట్టవలసివచ్చినచో ముందుగా మొక్కలు నాటుడు. చూరు క్రింద, ఎండ తగులనిచోట, 32 మిల్లీమీటర్ల రంధ్రముగల చెక్కపెట్టెలను రెండుమూడు ప్రక్కప్రక్కన బిగింపుడు. పిచ్చుకలు గుంపుగా కాపురముండును.

ఇంగ్లండులోని బ్రైటన్ నగరమున 2020లో, 5 మీటర్లకు మించిన క్రొత్త కట్టడములందు పక్షులకై గూడుగల యిటుకలు పొదుగవలెనని నియమము చేసిరి. మన తాతలు నియమము లేకయే చూరు విడిచిరి. ఇల్లు కట్టునపుడు మేస్త్రీకి ఆ మాట చెప్పవలసినవారు మీరే.