యంత్రము చెప్పిన సమాధానము, విద్యార్థి చేయవలసిన పరీక్ష

కన్నడ, తమిళ సీమల పొలిమేరలకు చేరువనున్న బైరెడ్డిపల్లెలోను, పుంగనూరు పరిసరములలోను తెలుగు మాధ్యమమున చదివి, ఇంజనీరింగు విద్యకై మదనపల్లెకో కుప్పమునకో పోవు బాలబాలికలు మొదటి సంవత్సరముననే రెండు భాషలతో ఏకకాలమున పెనుగులాడవలసి వచ్చును. పాఠ్యపుస్తకముల ఇంగ్లీషు ఒకటి. యంత్రము గ్రహించెడి సీ, పైథాన్ వంటి ప్రోగ్రామింగు భాష మరియొకటి. ల్యాబులో కోడు నడిపినంతనే తెరపై ఎర్రర్ కానవచ్చినపుడు, దాని భావము బోధపడక, పదిమందిలో లేచి అడుగుటకు బిడియపడి, పక్కవాని రికార్డు చూచి ఎత్తివ్రాసుకొని గట్టెక్కిన విద్యార్థు లెందఱో కలరు.

అట్టివారికి, 2022 నవంబరు 30న ఓపెన్‌ఏఐ సంస్థ విడుదల చేసిన చాట్‌జీపీటీయు, తదనంతరము వెలసిన జెమినై మొదలగు కృత్రిమ మేధా సాధనములును నిస్సంశయముగ గొప్ప ఊతములు. పాయింటర్ అనగానేమో తెలుగున అడిగినను, ఆ తెలుగునే ఇంగ్లీషు లిపిలో వ్రాసి అడిగినను, అర్ధరాత్రమందు మరల మరల అడిగినను విసుగుకొనక విశదీకరించు సహాయము పల్లెటూరి విద్యార్థికి ఇదివఱకెన్నడును ఇంత సులభముగ లభింపలేదు. కావున వీనిని వాడవలదని శాసించుట న్యాయము గాదు. వీనిని ఎంతవఱకు, ఏ పరీక్ష పిమ్మట నమ్మవలెనను విచారణ మాత్రము అత్యావశ్యకము.

ఈ సాధనములు అపారమైన గ్రంథరాశిని, ప్రోగ్రాములను అభ్యసించి, ఒక మాట వెంట ఏ మాట వచ్చుట సంభావ్యమో గణించి సమాధానమును అల్లును. ఒప్పు చెప్పునపుడు ఎంత నిబ్బరముగ పలుకునో తప్పు చెప్పునపుడును అంతే నిబ్బరముగ పలుకును. ఒక్కొకప్పుడు లేని లైబ్రరీలను సైతము ఉన్నట్లే పేర్కొనును. నిబ్బరమును చూచి ప్రావీణ్యమని భ్రమించు నూతన విద్యార్థి ఇచ్చటనే మోసపోవును.

లీపు సంవత్సరమును గుర్తించు ప్రోగ్రామును ఉదాహరణముగ గైకొందము. సంవత్సరమును 4చే భాగింపగా శేషము సున్న వచ్చినచో లీపు సంవత్సరమని తేల్చు కోడు 2024కు సరియైన ఫలితమే ఇచ్చును, 2000కును ఇచ్చును, 1900కు మాత్రము తప్పును. ఏలయన, 100చే భాగింపబడు సంవత్సరము 400చే గూడ భాగింపబడినపుడే లీపు సంవత్సరమగును. మదనపల్లె టమోటా మార్కెట్టులో పెట్టె పైవరుసను మాత్రమే చూచి వెలకట్టిన వ్యాపారి ఎట్లు నష్టపోవునో, రెండు సంఖ్యలతో సరిచూచి కోడును నమ్మిన విద్యార్థియు అట్లే నష్టపోవును.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 47 మందితో జరిపి 2022లో వెల్లడించిన అధ్యయనమున, కృత్రిమ మేధ సాయము పొందినవారు భద్రత తక్కువైన కోడును వ్రాసియు, తమ కోడు భద్రమైనదనియే ఎక్కువగా విశ్వసించినట్లు తేలినది. యంత్రమును తక్కువగా నమ్మి, తమ ప్రశ్నలను శ్రద్ధగా సవరించుకొనినవారి కోడులో లోపములు తక్కువగా నుండెను. వృత్తినిపుణుల స్థితియు గమనింపదగినది: ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తర వేదికయగు స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ 2025 సర్వేలో ఈ సాధనములను వాడువారు, వాడదలచినవారు కలిసి నూటికి 84 మంది కాగా, వాని ఖచ్చితత్వమును నమ్మువారు 33 మంది, నమ్మనివారు 46 మంది. అనుభవజ్ఞులు వాడుచునే శంకించుచున్నారు. ఆ శంకయే వారి విద్య.

హార్వర్డ్ విశ్వవిద్యాలయపు సీఎస్50 అను కంప్యూటరు విజ్ఞాన ప్రాథమిక పాఠక్రమమున 2023 నుండి వాడుకలోనున్న కృత్రిమ మేధా బోధన సాధనము, సమాధానమును చేతికీయక విద్యార్థిని దానివైపు నడిపించునట్లు రూపొందింపబడినది. మన అధ్యాపకులును, రికార్డు నిండినదా లేదా యని చూచుటతో తృప్తి చెందక, ప్రతి పంక్తియు ఎందుకు వ్రాసితివని విద్యార్థిని ప్రేమతో ప్రశ్నింపవలెను. విద్యార్థులారా, మొదట కాగితముపై మీ ప్రయత్నము మీరు చేయుడు. పిదప యంత్రము నడుగుడు. అది యిచ్చిన కోడును సున్నతోను, ఋణసంఖ్యతోను, ఖాళీ జాబితాతోను పరీక్షింపుడు. మీ మాటలలో వివరింపలేని పంక్తిని మీదిగా సమర్పింపకుడు. రేపు బెంగుళూరు ఇంటర్వ్యూలో కూర్చుండి సమాధానము చెప్పవలసినవారు మీరే.