నాటు స్టెప్పు... హాల్లో ఎలా?

రీల్‌లో 30 సెకన్లే. నేర్చుకోవడానికి మాత్రం వారమైనా పడుతుంది! ‘నాటు నాటు’ 2023లో ఆస్కార్ కొట్టేసింది గానీ, ప్రేమ్ రక్షిత్ మాస్టర్ కంపోజ్ చేసిన ఆ హుక్ స్టెప్పు మనలో చాలామంది కాళ్లకి ఇంకా అందట్లేదు. అసలు కిటుకు స్పీడ్‌లో కాదు, జోడీలో ఉంది. ఇద్దరి కాళ్లూ ఒకేసారి లేవాలి, ఒకేసారి దిగాలి.

అక్క సంగీత్‌కి నా జోడీ మా నాన్న. 58 ఏళ్లు, పైగా మోకాలి నొప్పి. అందుకే గెంతులు తీసేశాం. భుజాల మీద చేతులు, కాలు ఇటూ అటూ, అంతే. వీడియో 0.5 స్పీడ్‌లో పెట్టి ముందు కాళ్లే చూడండి. సెల్ఫీ కెమెరాలో కుడిఎడమలు అద్దంలోలా కనిపిస్తాయి, కన్ఫ్యూజ్ అవ్వకండి. సాక్సులేసుకుని టైల్స్ మీద మాత్రం వద్దు. కింద పోర్షన్ ఆంటీ కునుకు తీసే టైమ్‌లో అసలే వద్దు!

ఆరో రోజు నాన్నే, ‘ఇంకోసారి పెట్టరా’ అన్నారు. సంగీత్‌కి ఇంకా 9 రోజులే.